కోఠి గుజరాతీ గల్లీలో స్పీకర్ రిపేర్: చిన్నపిల్లలున్న ఇంటివాళ్ళ కోసం రివ్యూ

ముందే మార్కులు చెప్పేస్తా, ఓపిక లేనోళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. ఊఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకరు) పనికి 5కి నాలుగున్నర. ట్వీటర్ (సన్నని సౌండ్లు పలికే చిన్నది) పనికి 2. చెప్పిన టైమ్‌కి ఇవ్వడంలో 1, అది కూడా మనిషి మంచోడు కాబట్టి. షాపు పేరు మాత్రం అడక్కండి, రివ్యూ రాస్తా అంటే ఆయనే వద్దన్నాడు, "పేరు గీరు పెట్టకు సార్, ఉన్న పనే అయితలేదు" అని దండం పెట్టినంత పని చేశాడు. గల్లీలో ఇద్దరు ముగ్గురు కోన్ కట్టేవాళ్ళున్నారు, కోన్ అంటే స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే గరాటు లాంటి పొర, మెట్లెక్కి పైకెళ్ళే షాపు ఎక్కడని ఏ ఆంప్లిఫయర్ షాపులో అడిగినా చెప్తారు, బయట కూడా పగిలిన ఊఫర్లు పేర్చి ఉంటాయి కాబట్టి దాటిపోరు.

ఇంతకీ మా కథేంటంటే ఇంట్లో రెండు జతల స్పీకర్లు. ఒకటి మా మామయ్యగారిది, 90ల్లో విజయవాడలో కొన్నది, 8 అంగుళాల పేపర్ కోన్ ఊఫరు, దాని చుట్టూ ఫోమ్ అంచు, పైన చిన్న ట్వీటరు, బరువు చూస్తే ఒక్కో డబ్బా ఎత్తడానికే నడుం పట్టేస్తుంది. రెండోది నేను కొనుక్కున్న బుక్‌షెల్ఫ్ జత, 5 అంగుళాల ప్లాస్టిక్ కోను, రబ్బర్ అంచు, సిల్క్ డోమ్ (గోపురంలా ఉబ్బిన చిన్న పొర) ట్వీటరు, ముందు గుడ్డ గ్రిల్లు అయస్కాంతాలతో అతుక్కుంటుంది. ఇంట్లో బుడ్డోడికి రెండున్నరేళ్ళు, సెలవులకి మా అక్క కూతురు కూడా దిగింది, దానికి నాలుగు. ఇద్దరూ కలిసి ఏం చేశారో విడివిడిగా చెప్పడం కష్టం, మొత్తం మీద పాత జతలో కుడి ఊఫర్ ఫోమ్ చిరిగింది, కోన్‌కి పెన్సిల్ గుచ్చిన బొక్క ఒకటి, కొత్త జతలో ఊఫర్ల మధ్యలో ఉండే డస్ట్ క్యాపులు రెండూ లోపలికి సొట్ట, ఒక ట్వీటర్ డోమ్ సొట్ట, ఇంకో ట్వీటరు అసలు మాట్లాడట్లేదు, ఊపితే వెనకాల పోర్టులోంచి, అంటే గాలి ఆడే గొట్టంలోంచి, గలగలమని చప్పుడు.

పిల్లలు సరిగ్గా మధ్యలోనే ఎందుకు నొక్కుతారని చాలామంది అడుగుతుంటారు. ఊఫర్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డస్ట్ క్యాప్ వాళ్ళకి కాలింగ్ బెల్ బటన్ లాగా కనబడుతుంది, నొక్కితే లోపలికి పోతుంది, పైగా మెత్తగా ఉంటుంది, ఇంకేం కావాలి. క్యాప్ బయటికి ఉబ్బకుండా లోపలికి గుంటలా ఉన్న మోడళ్ళ జోలికి మావాళ్ళు పెద్దగా పోలేదు, మా తమ్ముడి ఇంట్లో అలాంటివే ఉన్నాయి, వాటిని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. చిన్నపిల్లలుండి కొత్తగా కొనేవాళ్ళు షాపులో సౌండ్‌తో పాటు ఇది కూడా చూసుకోండి, ఏ రివ్యూలోనూ ఇది రాయరు.

మొదట కంపెనీ సర్వీస్ సెంటర్‌కే ఫోన్ చేశాం. పడిపోయినవి, గుచ్చుకున్నవి వారంటీలో రావు, అది న్యాయమే, దాని మీద నాకు కోపం లేదు. కానీ వాళ్ళు కోన్ బాగు చెయ్యరు, మొత్తం డ్రైవరే, అంటే కోన్, అయస్కాంతం కలిసిన ముక్కంతా, మారుస్తారు, అది బయటి దేశం నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేం, రేటు మాత్రం ఇప్పుడే చెప్తాం అన్నారు. ఆ రేటుకి ఇంకో చిన్న జత వస్తుంది. పాత జతకైతే స్పేర్ అన్న మాటే లేదు. అందుకే కోఠి.

వెళ్ళేముందు ఒక మాట, డబ్బాలు మొయ్యకండి. స్టార్ స్క్రూడ్రైవర్ గానీ అలెన్ కీ గానీ తీసుకుని ఊఫర్ చుట్టూ ఉన్న స్క్రూలు విప్పి, వెనక వైర్లు ఏది ప్లస్ ఏది మైనస్ అని ఫోన్‌లో ఫోటో తీసుకుని, డ్రైవర్లు మాత్రమే పాత టవల్లో చుట్టి తీసుకెళ్ళండి. స్క్రూలు విప్పేటప్పుడు అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ని లాగుతుంది, చెయ్యి జారిందంటే పిల్లలు చెయ్యని బొక్క మనమే చేస్తాం, కాబట్టి ఎడం చేతి వేళ్ళు కోన్ మీద కాకుండా బయటి ఫ్రేమ్ మీద అడ్డం పెట్టుకుని తిప్పాలి. మెట్రోలో సుల్తాన్ బజార్‌లో దిగినా ఉస్మానియా మెడికల్ కాలేజీలో దిగినా నడిచేంత దూరమే. కారు మాత్రం తీసుకెళ్ళొద్దు, ఆ గల్లీ సంగతి తెలిసినోళ్ళకి చెప్పక్కర్లేదు, మైకులు, కేబుళ్ళు, సీసీ కెమెరాలు, డీజే లైట్లు, మధ్యలో తోపుడు బండ్లు, మనిషి నడవడానికే పక్కకి తిరగాలి.

షాపు అంటే ఒక చిన్న గది. డీజేవాళ్ళ 15, 18 అంగుళాల ఊఫర్లు గోడ పొడుగునా, ఒక టేబుల్, ఒక సోల్డరింగ్ ఐరన్, జిగురు డబ్బాలు, మేకుకి వేలాడుతున్న పాత ఎక్స్‌రే ఫిల్ములు. ఆ ఫిల్ములు ఎందుకో తర్వాత చెప్తా. రిపేర్ చేసే ఆయన్ని అందరూ చాచా అంటారు, అరవై దాటి ఉంటాయి. ఆయన చేసిన మొదటి పని మీటర్ పెట్టడం కాదు, ఊఫర్‌ని ఒళ్ళో పెట్టుకుని కోన్ రెండు వైపులా రెండు బొటనవేళ్ళూ ఆనించి మెల్లగా లోపలికి నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. గీరుకున్న చప్పుడు వస్తే కోన్ వెనక అతికి ఉండే తీగచుట్ట, అదే కాయిల్, అయస్కాంతం సందులో రాసుకుంటోందని, రాకపోతే కాయిల్ సెంటర్‌లోనే ఉందని. ఇది ఇంట్లో మీరూ చెయ్యొచ్చు, పవర్ ఆపేసి, ఒకవైపే కాకుండా రెండు వైపులా సమానంగా నొక్కాలి అంతే. ఆ తర్వాత మీటరు. 8 ఓమ్స్ స్పీకర్ అయితే మీటర్‌లో 6 చుట్టుపక్కల చూపిస్తుంది, 4 ఓమ్స్ అయితే 3, 4 మధ్యలో, అసలేమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టు. 8 అని రాసి ఉంది కదా 6 చూపిస్తోందేంటి అని కంగారు పడొద్దు, వెనక రాసేది పాట నడుస్తున్నప్పుడు ఉండే ఇంపీడెన్స్, మీటర్ చూపించేది ఉత్త తీగ రెసిస్టెన్స్.

పాత ఊఫర్ ఫోమ్ చిరుగు చూపించి మావాడు చేసిన పని ఇది చాచా అన్నా. ఆయన మాట్లాడకుండా రెండో ఊఫర్ తీసుకున్నాడు, పిల్లలు ముట్టుకోనిది, ఎడమదాన్ని. దాని ఫోమ్ మీద గోటితో ఒక్క గీత గీశాడు, నల్లటి పొడి రాలింది. "పిలగాడు ఏం జేసిండు సార్, ఇది ఎప్పుడో ఖతం అయింది, వాడు వేలు పెట్టిండు అంతే" అన్నాడు. అప్పుడు మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ వర్ణించను, వాడిని వాళ్ళ తాతయ్య ముందు నిలబెట్టి మరీ తిట్టింది నేనే కాదు, ఇంటిల్లిపాదీ. సంగతేంటంటే ఆ రోజుల్లో వచ్చిన ఫోమ్ అంచులు పది పదిహేనేళ్ళకి వాటంతట అవే పొడి అయిపోతాయి, తేమ ఎక్కువుండే ఊళ్ళల్లో ఇంకా ముందే. విజయవాడ, విశాఖ, కాకినాడ వైపు నుంచి వచ్చే పాత స్పీకర్లు దాదాపు అన్నీ ఇంతే అని ఆయన అంటాడు. రబ్బర్ అంచుకి ఆ బాధ తక్కువ. కాబట్టి మీ ఇంట్లో నాన్నగారి కాలం నాటి స్పీకరు ఉండి పిల్లాడు ఫోమ్ చించాడంటే, వీపు విమానం మోత మోగించే ముందు రెండో స్పీకర్ ఫోమ్ కూడా ఒకసారి గీకి చూడండి.

అందుకే రెండూ ఇచ్చేశాం. ఒక్కటే కట్టిస్తే ఒకటి కొత్త ఫోమ్ గట్టిగా, ఒకటి పాతది మెత్తగా, బేస్ రెండు వైపులా రెండు రకాలుగా వస్తుంది, జత అన్న పేరుకే అర్థం ఉండదు.

పని చేస్తుంటే కూర్చుని చూడనిచ్చాడు, ఇది ఈ షాపుకి నేనిచ్చే మార్కుల్లో సగం. పాత ఫోమ్ గీకేసి, జిగురు మరకలు థిన్నర్‌తో తుడిచాడు, పేపర్ కోన్ చెడకుండా గుడ్డ ముక్కతో కొద్దికొద్దిగా. తర్వాత డస్ట్ క్యాప్ చుట్టూ బ్లేడుతో కోసి తీశాడు. ఇక్కడే ఎక్స్‌రే ఫిల్ము పని. ఫిల్ముని సన్నని పట్టీలుగా కత్తిరించి, కాయిల్‌కీ మధ్యలో ఉన్న ఇనప గుండుకీ మధ్య సందులో చుట్టూ దూర్చాడు, అలా చేస్తే కాయిల్ అటూ ఇటూ జరగకుండా సరిగ్గా మధ్యలో నిలబడుతుంది. అప్పుడు కొత్త ఫోమ్ ముందు కోన్‌కి అంటించి, అది పట్టాక ఫ్రేమ్‌కి అంటించి, రాత్రంతా ఆరనిచ్చి, పట్టీలు లాగేసి, కొత్త క్యాప్ పెట్టాడు. చివర్లో 30 హెర్ట్జ్ టోన్, అంటే బాగా లోతైన బేస్, మెల్లగా పెట్టి విన్నాడు, గీరుకునే చప్పుడు లేకపోతే పాస్. ఆ సందు మందం ఎంతుంటుందనుకున్నారు, మిల్లీమీటర్‌లో కొంచెం భాగం. పిల్లలు గట్టిగా నొక్కినప్పుడు జరిగే అసలు నష్టం క్యాప్ సొట్ట కాదు, ఆ కాయిల్ చుట్టిన గొట్టం వంకర పోవడం. సొట్ట కళ్ళకి కనబడుతుంది కాబట్టి మనం దాన్ని చూసి ఏడుస్తాం.

క్యాప్ తీసినప్పుడు లోపల సందులో ఇనప రజను ఉంది, ఎక్కడి నుంచో స్టాప్లర్ పిన్ను ముక్క కూడా. పెన్సిల్ బొక్కలోంచి వెళ్ళినట్టుంది. అయస్కాంతం దాన్ని వదలదు, గాలి ఊదినా రాదు. మాస్కింగ్ టేపుని మడతపెట్టి జిగురు వైపు బయటికి ఉండేలా చేసి సందులో తిప్పితే అంటుకుని వచ్చేసింది. కోన్ బొక్కకి టిష్యూ పేపర్ ముక్క చించి, కత్తిరించి కాదు, చించి, అంచులు పీచుపీచుగా ఉంటేనే కలిసిపోతుందట, పల్చగా నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో వెనకా ముందూ అంటించాడు, ఆరాక నల్ల రంగు. దీనికి నిజంగా కోఠి దాకా రానక్కర్లేదు, పేపర్ కోన్ అయితే ఇంట్లోనే చేసుకోవచ్చు. ఫెవిక్విక్ మాత్రం వద్దు, అది రాయిలా గట్టిపడి ఆ చోట కోన్ పెళుసవుతుంది. ప్లాస్టిక్ కోన్ అంటే పాలీప్రొపిలీన్, దానికి ఫెవికాల్ పట్టదు, ఊడి వచ్చేస్తుంది, అక్కడ ఈయన దగ్గరున్న నల్ల జిగురే కావాలి.

ఖర్చు, రెండు ఊఫర్లకీ ఫోమ్, క్యాప్, పని అంతా కలిపి 1800. బేరం ఆడలేదు, ఆడాలనిపించలేదు.

ఇప్పుడు ఫిర్యాదులు. ఇంటికి తెచ్చి బిగిస్తే వాయిస్ బానే ఉంది కానీ బేస్ మాయం. వాల్యూమ్ పెంచినా ఛాతీకి తగలట్లేదు, పాట మధ్యలో నుంచి రాకుండా గది నిండా చెదిరిపోయినట్టుంది. ఒక ఊఫర్‌కి టెర్మినల్ దగ్గర తీగలు మళ్ళీ అతికేటప్పుడు ప్లస్ మైనస్ తారుమారు చేశాడు. అంటే ఒక కోన్ ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోతోంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. రిపేర్ నుంచి వచ్చిన ఏ స్పీకర్‌కైనా ఇది చూసుకోండి, మామూలు 1.5 వోల్ట్ పెన్సిల్ బ్యాటరీ చాలు, బ్యాటరీ ప్లస్‌ని స్పీకర్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించండి, కోన్ ముందుకి రావాలి. వెనక్కి పోతే ఉల్టా ఉన్నట్టు. పాత జేబీఎల్ మోడళ్ళు కొన్ని కంపెనీ నుంచే ఉల్టాగా వచ్చాయి, అవి వదిలేయండి, జతలో రెండూ ఒకే వైపు కదిలితే చాలు. చాచాకి ఫోన్ చేస్తే "అరే, వైర్ మార్చుకోండి సార్, ఏం కాదు" అన్నాడు, సారీ లేదు గీరీ లేదు. మార్చుకున్నా, అయిపోయింది. కానీ తెలియనోళ్ళయితే రిపేర్ బాలేదనుకుని స్పీకర్ ఓఎల్ఎక్స్‌లో పెట్టేసేవాళ్ళు.

ఇంకోటి డస్ట్ క్యాప్. ఒరిజినల్ మ్యాట్ నలుపు, ఈయన పెట్టింది తళతళలాడే నలుపు. మామయ్యగారు చూడగానే కనిపెట్టేశారు, "అల్లుడూ, ఇది మన స్పీకరేనా" అని. గ్రిల్ పెట్టేస్తే కనబడదు కాబట్టి నాకు పట్టింపు లేదు, పట్టింపు ఉన్నోళ్ళు పాత క్యాపే మళ్ళీ అంటించమని ముందే చెప్పండి, జాగ్రత్తగా కోసి ఉంచుతాడు. కొత్త ఫోమ్ కాబట్టి మొదట్లో బేస్ కాస్త బిగుసుకున్నట్టుంటుంది, వాయిస్తుంటే వదులవుతుంది.

ట్వీటర్ దగ్గరికొద్దాం, 2 మార్కులు ఎందుకో. సొట్టపోయిన సిల్క్ డోమ్‌ని ఆయన నోటితో లాగాడు! నిజంగానే, ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం పెట్టి పీల్చాడు, డోమ్ టప్‌మని బయటికి వచ్చింది. పని అయింది, కానీ నా గుండె ఆగింది. సిల్క్ డోమ్ మెత్తని బట్ట మీద పూత వేసింది కాబట్టి చాలాసార్లు ఇలా తేరుకుంటుంది, ఇంట్లో అయితే సెల్లో టేప్‌ని వేలికి చుట్టి మెల్లగా ఆనించి లాగినా వస్తుంది. వాక్యూమ్ క్లీనర్ నేరుగా పెట్టొద్దు, చాలామంది వీడియోల్లో చూసి పెట్టేస్తున్నారు, ఆ డోమ్ వెనక కాయిల్ తీగ వెంట్రుకంత ఉంటుంది, ఒక్క గుంజుకి తెగుతుంది. ఊఫర్ డస్ట్ క్యాప్‌కి అయితే పర్లేదు, గొట్టం మూతికి పల్చటి గుడ్డ కట్టి, పవర్ తక్కువ పెట్టి, దూరం నుంచి మెల్లగా దగ్గరికి తేవాలి, కొత్త జత క్యాపులు రెండూ అలాగే లాగేశాం, ఒకదానికి సన్నని ముడత మిగిలింది, సౌండ్‌లో నాకేమీ తేడా తెలియట్లేదు. అల్యూమినియం, టైటానియం లాంటి మెటల్ డోమ్ సొట్టపోతే మాత్రం మడత ఉండిపోతుంది, లాగినా పూర్తిగా పోదు. అందుకే చూడండి, మెటల్ డోమ్ ఉన్న చాలా స్పీకర్లకి ట్వీటర్ మీద ఊడని జాలీ కంపెనీవాళ్ళే బిగించి ఇస్తారు.

మాట్లాడని రెండో ట్వీటరు సంగతి వేరు, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మా అక్క కూతురు ఆంప్లిఫయర్ వాల్యూమ్ నాబ్ పూర్తిగా తిప్పి పారేసింది. చాలామంది అనుకునేది ఏంటంటే పెద్ద ఆంప్లిఫయరే స్పీకర్‌ని కాలుస్తుందని. చిన్న ఆంప్ కూడా దాని శక్తికి మించి తిప్పితే సౌండ్ వేవ్ పైనా కిందా తెగిపోయి, పై ఫ్రీక్వెన్సీల్లో లేని శక్తి పుట్టుకొస్తుంది, అదంతా వెళ్ళేది ట్వీటర్‌కే, దానికి తట్టుకునే ఓపిక కొద్ది వాట్లే. చాచా దాని కాయిల్ చుట్టి ఇస్తా అన్నాడు, చుట్టాడు, పలికింది, కానీ పక్కదానితో పోలిస్తే సన్నగా, కాస్త గరుకుగా. డీజే హార్న్‌కి ఆ పని సరిపోతుందేమో, ఇంట్లో కూర్చుని వినే స్పీకర్‌కి సరిపోదు. చివరికి కంపెనీ నుంచి ఒరిజినల్ ట్వీటర్ తెప్పించుకున్నాం, ఇంటికొచ్చేసరికి చాలా ఆలస్యమైంది, డబ్బూ ఎక్కువే, అయినా నా అభిప్రాయం ఇదే, ఊఫర్ కట్టించుకోవచ్చు, ట్వీటర్ మాత్రం ఒరిజినలే మార్చుకోవాలి, అది దొరకకపోతే రెండు వైపులా ఒకే రకం కొత్తవి పెట్టుకోవాలి.

పోర్టులో గలగల అన్నా కదా, ఊఫర్ విప్పితే బయటపడింది, క్రేయాన్లు, ఒక చదరంగం బంటు, రూపాయి బిళ్ళలు. మన రూపాయి, రెండు రూపాయల స్టీలు బిళ్ళలకి అయస్కాంతం పట్టుకుంటుంది, అవి లోపలికెళ్ళి ఊఫర్ వెనక అయస్కాంతానికి అంటుకుని కూర్చున్నాయి, బేస్ కొట్టినప్పుడల్లా జిర్రుమనేది అదే. కొన్ని కంపెనీలు పోర్టులో పెట్టుకోవడానికి ఫోమ్ బిరడా ఇస్తాయి, పెడితే బేస్ కొంచెం తగ్గుతుంది. నేను దోమల జాలి ముక్క గుండ్రంగా కత్తిరించి పోర్టు లోపలి అంచుకి అంటించా, గాలి ఆడుతుంది, బంటు మాత్రం పోదు.

ఇక అసలు రక్షణ. గుడ్డ గ్రిల్ దేనికీ పనికి రాదు, వేలు గుడ్డతో సహా లోపలికి వెళ్తుంది, అయస్కాంతం గ్రిల్ అయితే వాడే తీసి నెత్తిన పెట్టుకుంటాడు. అత్తయ్యగారు అయితే పిండి జల్లెడ పెట్టేయమన్నారు, నవ్వాం గానీ 8 అంగుళాల ఊఫర్ మీద వంటింట్లో జల్లెడ సరిగ్గా సరిపోయింది, ట్వీటర్ మీద టీ వడపోసే జాలీ తొడిగేవాళ్ళు నిజంగానే ఉన్నారు. నేను చేయించింది రాణిగంజ్‌లో చిల్లుల షీటు, 3 మిల్లీమీటర్ల చిల్లులు, ఎక్కువ ఖాళీ ఉండేది అడగాలి, ఖాళీ తక్కువుంటే సౌండ్ మూసుకుపోతుంది, చిల్లు పెద్దదైతే పెన్సిల్ మొన దూరుతుంది. స్పీకర్ ముఖం కొలత ఇస్తే నాలుగు పక్కలా మడిచి ట్రే లాగా చేసిచ్చారు, రబ్బర్ అంచు ముందుకొచ్చినా తగలకుండా ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల లోతు పెట్టించా. అల్యూమినియం తీసుకోండి, ఇనపది ఊఫర్ దగ్గరికి తెస్తే లాగుతుంది, పెట్టడం తియ్యడం చిరాకు. అంచులు ఆకురాయి పట్టించి రబ్బర్ బీడింగ్ వెయ్యాలి, లేదంటే స్పీకర్ బాగుంటుంది, పిల్లల వేళ్ళు తెగుతాయి. డబ్బాకి తగిలేచోట తలుపులకి వేసే ఫోమ్ టేపు వేస్తే బేస్‌కి జాలీ కొట్టుకోదు. సౌండ్‌లో తేడా ఉందా అంటే ఉంది, పైన తాళాలు, గజ్జెల మెరుపు కొంచెం తగ్గింది, ఇవాళ్టికి నాకు ఓకే. మా ఫ్రెండ్ ఒకడు ఇది చూసి "ఇంత మంచి ట్వీటర్‌కి జైలు కట్టావేంట్రా" అన్నాడు, వాడికి పెళ్ళి కాలేదు.

జాలీ కన్నా ముందు చెయ్యాల్సింది మాత్రం స్టాండు సంగతి. స్పీకరు పోతే పోయింది, పది కిలోల డబ్బా పిల్లాడి మీద పడితే మాట్లాడుకునేదేమీ ఉండదు. మన ఇళ్ళల్లో విట్రిఫైడ్ టైల్స్, వాటి మీద స్టాండు కింద ఇచ్చే మేకులు జారతాయి, రబ్బర్ ప్యాడ్లు వెయ్యండి, బోలు స్తంభం ఉన్న స్టాండు అయితే ఎండిన ఇసుక నింపండి, స్పీకర్‌కీ స్టాండుకీ మధ్య బ్లూ టాక్ (అతుక్కునే మెత్తటి బంక) ముద్దలు నాలుగు మూలలా, టవర్ స్పీకర్లయితే వెనక నుంచి గోడకి పట్టీ. వైర్లు నేల మీద వదిలేస్తే లాగుతారు, లాగితే వైరు తెగడం కాదు డబ్బాయే వస్తుంది, ఎలక్ట్రీషియన్‌తో కేసింగ్ పట్టీలో వేయించండి. ఇంకా రిమోట్లలో వచ్చే బిళ్ళ బ్యాటరీలు, సీఆర్ 2025 లాంటివి, అవి స్పీకర్ కన్నా వెయ్యి రెట్లు ప్రమాదం, మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తాయి, అనుమానం వస్తే నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. ఆ మూతకి స్క్రూ లేని రిమోట్ అయితే టేపు చుట్టేయండి. గ్రిల్ చిన్న అయస్కాంతాలు ఊడితే కూడా అంతే, రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

వాల్యూమ్ విషయానికి ఖర్చే లేదు. డెనాన్, మరాంట్జ్, యమహా రిసీవర్లు వాడేవాళ్ళు సెట్టింగుల్లోకి వెళ్తే వాల్యూమ్ ఇంతకి మించి పోకుండా పరిమితి పెట్టుకోవచ్చు, ఆన్ చేసినప్పుడు ఎంతలో మొదలవ్వాలో కూడా, కొన్ని మోడళ్ళకి ముందు బటన్లన్నీ లాక్ చేసే సదుపాయం ఉంది. మామూలు స్టీరియో ఆంప్ అయితే ఎత్తు మీద పెట్టడం తప్ప దారి లేదు, మాది ఇప్పుడు ఫ్రిజ్ పక్కన అల్మరా పై అరలో ఉంది, పాట మార్చాలంటే నేనే స్టూలెక్కుతున్నా.

చాచా దగ్గరికి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఇంకో సంగతి, వినాయక చవితికి నెల ముందు నుంచి నిమజ్జనం అయ్యేదాకా, అలాగే బోనాల టైమ్‌లో, ఇంటి స్పీకర్లు పట్టుకెళ్ళకండి. ఆ రోజుల్లో ఊళ్ళో డీజేవాళ్ళు కాల్చుకున్న ఊఫర్లన్నీ ఆయన గది ముందే ఉంటాయి, వాళ్ళు నిలబడి చేయించుకుని పోతారు, మన 8 అంగుళాలది టేబుల్ కిందకి వెళ్ళిపోతుంది, రేపు రండి అంటే ఏ రేపో ఆయనకీ తెలీదు. మాది అక్కడే ఇరుక్కుంది. సంక్రాంతి తర్వాత అయితే ఖాళీగా ఉంటాడు. ఫోన్ ఎత్తడం అరుదు, పొద్దున పదకొండు దాటాక వెళ్తే మనిషి దొరుకుతాడు, ఇచ్చేటప్పుడు ఫ్రేమ్ వెనక మార్కర్‌తో మీ పేరు, ప్లస్ గుర్తు రెండూ రాసేయండి, డబ్బులు ఫోన్‌పే తీసుకుంటాడు, బిల్లు మాత్రం ఇవ్వడు.